అమెరికన్ రియలిస్ట్ పోర్ట్రెయిట్‌లో దేశభక్తి ఎక్కడుంటుంది? వెనక జెండా వేయాలా, వద్దా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. విజయవాడలో పోర్ట్రెయిట్లు వేసే ఒకాయన అడిగారు. డాలస్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం తమ అబ్బాయి అమెరికన్ ఆర్మీలో చేరాడని, అతని బొమ్మ ఆయిల్‌లో వేయమని ఆర్డర్ ఇచ్చారట. "అమెరికన్ రియలిస్ట్ స్టైల్‌లో ఉండాలి, దేశభక్తి ఉట్టిపడాలి" అన్నారట. బొమ్మ చేరేది మాత్రం తణుకు దగ్గర పల్లెలో తాతగారింటి గోడ మీదకి. తాతగారేమో "మనింట్లో వాళ్ళ జెండా ఏంట్రా" అంటున్నారట. జెండా వేయాలా, అమెరికా జాతీయ చిహ్నమైన గద్ద బొమ్మ పెట్టాలా, అసలు అక్కడి పెయింటర్లు ఇలాంటివి ఎలా వేశారు, ఇదీ వారి సందేహం.

వెనక జెండా వేయకండి. గద్ద అసలే వద్దు. అమెరికన్ రియలిస్ట్ పోర్ట్రెయిట్లలో, అంటే మనిషిని ఉన్నది ఉన్నట్టు వేసిన బొమ్మల్లో, గొప్పవని చెప్పుకునే వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. చాలావాటిలో జెండానే ఉండదు. దేశం గురించి చెప్పదలుచుకున్నదంతా మనిషి చేతుల్లో, వేసుకున్న బట్టల్లో, చేసే పనిలో, కూర్చున్న గదిలో ఉంటుంది. మీరూ అక్కడే వెతకండి.

నేను ఎవరినంటే, పుట్టింది గుంటూరు జిల్లా. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, కొన్నాళ్ళు సినిమా బ్యానర్లకి రంగులేసి, పద్దెనిమిదేళ్ళుగా ఫిలడెల్ఫియా పక్కన ఉంటున్నాను. ఇల్లు గడిచేది పోర్ట్రెయిట్ల మీదే. అందులో యూనిఫాం వేసుకున్నవాళ్ళవి ముప్పైకి తక్కువ ఉండవు. కాబట్టి ఈ జెండా గొడవ నాకు బాగా తెలుసు.

వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన బొమ్మ ఒప్పుకున్నాను. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చి, తర్వాత నలభై ఏళ్ళు ప్లంబింగ్ పని చేసుకున్న మనిషి. కూతురు వచ్చి "వెనకంతా జెండా ఉండాలి" అంది. నాకూ సరదా వేసింది. బ్యానర్లు వేసిన చెయ్యి కదా, ఎరుపు పరవడం అంటే మహా ఇష్టం. రెండు వారాలు ఆ గుడ్డ మడతల మీదే కూర్చున్నాను. బొమ్మ ఇచ్చిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. "జెండా ఎంత బాగా వచ్చిందో!" అన్నారు. ఒకరు కాదు, అందరూ అదే మాట. నాన్న బాగా వచ్చాడని ఒక్కరూ అనలేదు. ఆ పెద్దాయన కూడా బొమ్మ వంక చూసి, తన ముఖం గురించి ఏమీ అనకుండా కాఫీ తాగుతారా అని అడిగాడు.

ఏడాది తర్వాత నా డబ్బులతోనే ఇంకోటి వేసిచ్చాను. ఈసారి ఆయన బేస్‌మెంట్‌లో, బల్బు కింద, రెంచి తుడుచుకుంటూ ఉన్నట్టు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో పగిలి వంకరగా పెరిగింది, దాన్ని ఉన్నది ఉన్నట్టు వేశాను. కూతురు ఆ గోరు దగ్గరే ఆగిపోయింది.

ఇక కారణాలకి వద్దాం. మొదటిది ఒట్టి పని సంగతి. అమెరికన్ జెండాలో ఏడు ఎర్ర చారలు, ఆరు తెల్ల చారలు, ఒక మూల నీలం మీద యాభై నక్షత్రాలు. ఇంతకంటే గట్టిగా అరిచే బ్యాక్‌గ్రౌండ్ ఇంకోటి దొరకదు. కన్ను చారల వెంట జారి ఫ్రేమ్ బయటికి పోతుంది. ఎరుపు చెవి మీదా దవడ మీదా పడి ముఖానికి జ్వరం వచ్చినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మన చర్మం రంగు. చామనఛాయ ముఖం వెనక తెల్ల చార పెడితే, పక్కన తెలుపు ఉన్నందువల్ల ముఖం రెండు మెట్లు నల్లబడి కనిపిస్తుంది. అప్పుడు మీరు కంగారుపడి ముఖాన్ని తెల్లగా చేస్తారు. ఇక ఆ అబ్బాయి ఆ అబ్బాయిలా ఉండడు. తాతగారు మొదట పట్టుకునేది దాన్నే.

రెండో కారణం చరిత్ర. ఇక్కడ కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే "అమెరికన్ రియలిజం, దేశభక్తి" అనగానే మనం ఊహించుకునేదొకటి, గోడల మీద ఉన్నదొకటి.

బోస్టన్‌లో మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో పాల్ రివియర్ పోర్ట్రెయిట్ ఉంది. జాన్ సింగిల్టన్ కోప్లీ 1768లో వేశాడు. రివియర్ వెండి పనివాడు, మన భాషలో కంసాలి. కోటు లేదు, తలకి విగ్గు లేదు. వదులుగా ఉన్న తెల్ల చొక్కా, మీద బొత్తాలు పెట్టుకోని వెయిస్ట్‌కోటు. ఎడమచేతిలో ఇంకా నగిషీ చెక్కని వెండి టీపాట్, బల్ల మీద చెక్కే పనిముట్లు. కుడిచేత్తో గడ్డం పట్టుకుని, చెక్కాల్సినది మనసులో గీసుకుంటున్నట్టు మన వైపు చూస్తుంటాడు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ టీపాట్ వెండిలో అతని వేళ్ళ నీడ కనిపిస్తుంది. నున్నగా తోమిన బల్లలో చొక్కా తెలుపు మెరుస్తుంటుంది. నేను దాని ముందు గంటన్నర నిలబడ్డాను. గార్డు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు.

ఈ బొమ్మని ఇవాళ ప్రతి స్కూలు పిల్లాడూ స్వాతంత్ర్య వీరుడి బొమ్మగానే చూస్తాడు. కానీ లెక్క వేయండి. రివియర్ అర్ధరాత్రి గుర్రమెక్కి బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించింది 1775లో. బొమ్మ అంతకు ఏడేళ్ళ ముందుది. అప్పటికి అతను ఊళ్ళో పేరున్న పనివాడు, అంతే. అదే కోప్లీ దాదాపు అదే సమయంలో బ్రిటిష్ సేనాపతి థామస్ గేజ్ బొమ్మ కూడా వేశాడు, ఎర్ర కోటుతో సహా. ఇద్దరూ గిరాకీలే. కోప్లీ మామగారు బోస్టన్‌లో టీ దిగుమతి చేసుకునే వర్తకుల్లో ఒకరు. 1773లో బ్రిటిష్ పన్నుకి నిరసనగా బోస్టన్ జనం సముద్రంలో పారబోసిన టీలో ఆయన సరుకూ ఉంది. మరుసటి ఏడే కోప్లీ లండన్ వెళ్ళిపోయాడు, మళ్ళీ తిరిగి రాలేదు. ఇంతకంటే తమాషా ఏంటంటే, రివియర్ వారసులకి ఆ బొమ్మ నచ్చలేదు. తాతగారు చొక్కాతో కూలివాడిలా ఉన్నాడని అటక మీద పడేశారు. ఆ గుర్రపు స్వారీ మీద లాంగ్‌ఫెలో అనే కవి రాసిన పద్యం వచ్చి రివియర్ జాతీయ వీరుడయ్యాక గాని ఆ బొమ్మకి గౌరవం దక్కలేదు. మ్యూజియానికి చేరింది 1930లో.

అంటే దేశభక్తిని కోప్లీ పెట్టలేదు. చూసేవాళ్ళు తర్వాత పెట్టుకున్నారు. వాళ్ళు పెట్టుకోవడానికి చోటు దొరికింది దేనివల్ల? ఆ మనిషీ, ఆ చేతులూ, ఆ పనీ అంత నిజంగా ఉన్నాయి కాబట్టి. మురళీమోహనుడికి పింఛం పెట్టినట్టు ఏదో గుర్తు తగిలించి ఉంటే ఆ చోటు మిగిలేది కాదు. (కోప్లీకి సూటిగా రాజకీయం వేయడం చేతకాక కాదు. 1772 ప్రాంతంలో వేసిన, బ్రిటిష్ పాలనని ఎదిరించిన నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ బొమ్మ చూడండి. ఒక చేతిలో కాగితం బిగించి పట్టుకుని, రెండో చేతి వేలితో మసాచుసెట్స్ చార్టర్‌ని, అంటే ఆ వలసకి హక్కులిచ్చిన పత్రాన్ని, చూపిస్తుంటాడు. పోట్లాట అంతా ఆ వేలిలోనే ఉంది. అక్కడా జెండా లేదు.)

వాషింగ్టన్ సంగతి చూద్దాం. ఒక డాలర్ నోటు మీద ముఖం గిల్బర్ట్ స్టూవర్ట్ 1796లో వేసిన బొమ్మ నుంచి వచ్చింది. దాన్ని అతను పూర్తి చేయనే లేదు. తల చుట్టూ కొంచెం గోధుమ రంగు పులిమి, మిగతా కాన్వాస్ ఖాళీగా వదిలేశాడు. బద్ధకం అనుకునేరు. వాషింగ్టన్ భార్య మార్తా ఆ బొమ్మ కావాలని అడిగింది. పూర్తయితే ఇచ్చేయాలి. ఇవ్వకుండా దగ్గరుంచుకుంటే చూసి నకళ్ళు వేసి అమ్ముకోవచ్చు. అలా డజన్ల కొద్దీ నకళ్ళు ఒక్కోటి వంద డాలర్లకి అమ్మాడు. వాటిని తన "వంద డాలర్ల నోట్లు" అని పిలుచుకునేవాడట. ఆ ఏడే వేసిన నిలువెత్తు బొమ్మ, లాన్స్‌డౌన్ పోర్ట్రెయిట్ అంటారు, ఇప్పుడు వాషింగ్టన్ నగరంలో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. దేశానికే ప్రతీకలాంటి ఆ బొమ్మని వేయించింది ఒక బ్రిటిష్ ప్రభువుకి కానుక ఇవ్వడానికి. అందులో చూడాల్సింది నల్ల వెల్వెట్ సూటు. కిరీటం లేదు, సైనిక దుస్తులు లేవు, కత్తి ఒరలో ఉంది. రాజు కాని పాలకుడు ఎలా ఉంటాడో అప్పటికి ఎవరికీ తెలియదు. స్టూవర్ట్ ఆ ప్రశ్నకి ఒక నల్ల సూటుతో జవాబు చెప్పాడు. చారలూ నక్షత్రాలూ లేకపోలేదు, కుర్చీ వీపు పైన చిన్న బిళ్ళలో ఉంటాయి, వెతికితే గాని కనపడవు.

మా ఊరి ఘనుడు థామస్ ఈకిన్స్. ఈయన గురించి మాట్లాడితే నాకు అంతూ పొంతూ ఉండదు, కాబట్టి కుదిస్తాను. 1876లో అమెరికా నూరేళ్ళ పండగ ఫిలడెల్ఫియాలోనే చేశారు. దానికోసం ఈకిన్స్ ఎనిమిది అడుగుల ఎత్తున డాక్టర్ గ్రాస్ ఆపరేషన్ చేస్తున్న బొమ్మ వేశాడు. మధ్యలో నెరిసిన జుట్టు డాక్టరు, చేతిలో చిన్న కత్తి, వేళ్ళకి రక్తం. మా దేశపు వైద్యం ఇదీ, మా ఊరి పనితనం ఇదీ అని చూపించడమే అతని ఉద్దేశం. ఆర్ట్ విభాగం వాళ్ళు రక్తం చూసి తిరస్కరించారు. చివరికి దాన్ని ఆర్మీ ఆసుపత్రి నమూనా పెట్టిన చోట, మంచాల మధ్య వేలాడదీశారు. రెండేళ్ళ తర్వాత 200 డాలర్లకి అమ్ముడుపోయింది. 2006లో దాన్ని బయటికి అమ్మేస్తున్నారని తెలిసి ఊరంతా గగ్గోలు పెట్టి, 6.8 కోట్ల డాలర్లు కూడగట్టి ఇక్కడే నిలబెట్టుకున్నారు. పండగ రోజున ఛీ అన్న బొమ్మ, ఇప్పుడు ఊరి ప్రాణం. నాకు మటుకు అమెరికన్ పోర్ట్రెయిట్ మొత్తంలో ఆ రక్తం అంటిన వేళ్ళే అన్నిటికంటే దేశభక్తి ఉన్న చోటు.

గ్రాంట్ వుడ్ "అమెరికన్ గోతిక్" 1930 గురించి మీకు తెలిసే ఉంటుంది, గడ్డి ఎత్తే పంగల కర్ర పట్టుకున్న ముసలాయన, పక్కన ఆడమనిషి. మోడళ్ళు అతని పళ్ళ డాక్టరు, అతని చెల్లెలు. ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా నిలబడలేదు. పంగల కర్ర మూడు కొమ్ముల ఆకారమే ఆయన ఓవరాల్ కుట్టులో మళ్ళీ కనిపిస్తుంది, చూడండి. కానీ మీ ప్రశ్నకి పనికొచ్చేది వుడ్ వేసిన ఇంకో బొమ్మ, "డాటర్స్ ఆఫ్ రెవల్యూషన్", 1932.

దాని వెనక కథ ఉంది. అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో యుద్ధవీరుల స్మారకంగా రంగుటద్దాల కిటికీ పని వుడ్‌కి ఇచ్చారు. ఆ అద్దం పని చేయించడానికి అతను 1928లో మ్యూనిచ్ వెళ్ళాడు. జర్మనీతో పోరాడి చచ్చిపోయినవాళ్ళ స్మారకం జర్మనీలో చేయిస్తావా అని స్వాతంత్ర్య సమరయోధుల వారసులమని చెప్పుకునే ఆడవాళ్ళ సంఘం మండిపడింది. వుడ్ మనసులో పెట్టుకున్నాడు. బొమ్మలో ముగ్గురు ముసలి మేడములు బిర్రబిగుసుకుని నిలబడి ఉంటారు. ఒకావిడ ఎముకల చేతిలో నీలం రంగు టీ కప్పు. వెనక గోడ మీద వాషింగ్టన్ డెలావేర్ నది దాటుతున్న ప్రసిద్ధమైన బొమ్మ. చురక ఎక్కడుందంటే, అంత అమెరికన్ అనుకునే ఆ నది దాటే బొమ్మని లోయిట్జె అనే ఆయన వేసింది జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో! ఇంకో మాట. ఆ పడవలో ఎగురుతున్న చారలూ నక్షత్రాల జెండా, వాషింగ్టన్ నది దాటిన 1776 డిసెంబర్ నాటికి పుట్టనే లేదు, 1777 జూన్‌లో వచ్చింది. జెండా వేయాలన్న ఉబలాటంలో చేసే తప్పులకి ఇది ఆది గురువు.

నార్మన్ రాక్‌వెల్ దగ్గర దేశభక్తి సూటిగానే ఉంటుంది, కాదనను. యుద్ధకాలంలో, 1943లో, నాలుగు స్వేచ్ఛల బొమ్మలు వేశాడు. వాటిని ఊరూరా తిప్పి 13 కోట్ల డాలర్లకి పైగా యుద్ధ బాండ్లు అమ్మారు. అందులో వాక్ స్వేచ్ఛ బొమ్మ చూడండి. వెర్మాంట్‌లో ఓ ఊరి సభ. సూట్లు వేసుకున్నవాళ్ళ మధ్య మాసిన జాకెట్టు మనిషి లేచి నిలబడ్డాడు. జేబులో మడిచిన కాగితం. ముందు బెంచీ మీద ఆనించిన చేతులు మట్టి పని చేసినవాడివి. మిగతావాళ్ళు తలెత్తి అతన్నే చూస్తున్నారు. అంత పెద్ద ప్రచారం బొమ్మలో కూడా రాక్‌వెల్ జెండాని నమ్ముకోలేదు, బెంచీ మీది చేతుల్ని నమ్ముకున్నాడు.

ఆండ్రూ వైయత్ ఇంకో దారి. 1964లో మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఒక ముసలాయన్ని పాత యూనిఫాంలో కూర్చోబెట్టి గుడ్డు సొన కలిపిన రంగులతో, టెంపరాలో, వేశాడు. ఆయనకి మెయిన్ రాష్ట్రంలో కోత మిల్లు ఉండేది. బొమ్మ పేరు "ది పేట్రియాట్", అంటే దేశభక్తుడు. అదే వైయత్ 1948లో తన పొరుగు రైతు కార్ల్ కర్నర్‌ని వేశాడు. కర్నర్ అదే యుద్ధంలో జర్మన్ల వైపు మెషిన్ గన్ పట్టినవాడు. తర్వాత పెన్సిల్వేనియాకి వచ్చి పొలం చేసుకున్నాడు. బొమ్మలో అతని తల పైన కప్పుకి మాంసం వేలాడదీసే కొక్కేలు. ఒకే యుద్ధం, చెరో పక్క పోరాడిన ఇద్దరు, ఇద్దరూ అమెరికన్ పోర్ట్రెయిట్లే. చాడ్స్ ఫోర్డ్‌లో ఆ పొలం ఇప్పటికీ ఉంది, మా ఇంటి నుంచి గంట దూరం. ఎవరైనా పెయింటర్లు ఇటు వస్తే నేను ముందు తీసుకెళ్ళేది అక్కడికే.

ఇంతవరకూ చెప్పినవాటిలో ఒక లోటు మీరు గమనించే ఉంటారు. అన్నీ తెల్ల ముఖాలే. "జాతి" అని చెప్పి ఫ్రేమ్‌లోకి ఎవరిని రానిచ్చారన్నది అసలు ప్రశ్న, దీన్ని దాటేసి దేశభక్తి గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. చార్ల్స్ బర్డ్ కింగ్ 1820ల్లో వాషింగ్టన్ నగరానికి వచ్చిన మూలవాసి తెగల నాయకుల్ని వేశాడు. ఒక బొమ్మలో ఐదుగురు దగ్గరదగ్గరగా నిలబడి ఉంటారు. మెడలో ప్రెసిడెంట్ మన్రో ముఖం ఉన్న పతకం. చూస్తే సత్కారం. కానీ భూముల ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకుంటున్న రోజులవి. ఆ పతకం బరువు వాళ్ళ కళ్ళల్లో కనిపిస్తుంది నాకు. రాక్‌వెల్ కూడా తాను చాలా ఏళ్ళు పనిచేసిన పత్రికలో నల్లవాళ్ళని నౌకర్లుగా తప్ప వేయనిచ్చేవారు కాదని తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ మానేశాకే, 1964లో, న్యూ ఆర్లియన్స్‌లో అప్పటిదాకా తెల్లవాళ్ళకే ఉన్న బడికి వెళ్తున్న ఆరేళ్ళ నల్ల పిల్లని వేశాడు. చుట్టూ కాపలాగా నలుగురు మార్షల్స్, అంటే కేంద్ర ప్రభుత్వ అధికారులు, వాళ్ళ తలలు ఫ్రేమ్‌లో లేవు. పిల్ల ఎత్తుకే మన కన్ను దిగుతుంది. గోడ మీద పగిలిన టమాటా.

2018లో వచ్చిన ఒబామా దంపతుల బొమ్మలు కూడా చూసుకోండి, మీకు రంగుల విషయంలో పనికొస్తాయి. కెహిండె వైలీ అనే పెయింటర్ ఒబామా వెనక ఆకుల గోడ పెట్టాడు. మధ్యలో షికాగో చామంతులు, హవాయి మల్లెలు, తండ్రి దేశం కెన్యాని గుర్తుచేసే నీలి పూలు. మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ పూలలోనే చెప్పేశాడు. ఏమీ సుతారంగా లేదు, నిజమే, కానీ ఆ పచ్చదనం మీద గోధుమ చర్మం ఎలా వెలుగుతోందో చూడండి. ఎయిమీ షెరాల్డ్ అనే పెయింటర్ మిషెల్ ఒబామా చర్మాన్ని బూడిద రంగులో వేసి, వెనక లేత నీలం పరిచింది. ఆ ఆలోచన మీరు కాపీ కొట్టనక్కర్లేదు, తాతగారు ఒప్పుకోరు కూడా.

ఇప్పుడు తాతగారి సంగతి. ఆయన అన్నమాట మొండితనం అనుకోకండి. మన దగ్గర దేశభక్తి బొమ్మ అంటే వెనక దేశపటం, పైన మూడు రంగులు. క్యాలెండర్లలో అదే చూశాం, నేనూ అవే వేసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నాను. అందుకే జెండా మారేసరికి మనవడే మారిపోయినట్టు ఆయనకి అనిపిస్తుంది. కొందరు దీనికి విరుగుడుగా రెండు జెండాలూ పెట్టేస్తారు. దయచేసి వద్దు, సంఘం సమావేశంలో స్టేజీ బ్యానర్‌లా ఉంటుంది.

నాకు వచ్చిన ఒక ఆర్డర్ చెప్తాను. న్యూజెర్సీలో ఒక కుటుంబం. వాళ్ళ నాన్నగారు డెబ్బై దాటాక సిటిజన్‌షిప్ తీసుకున్నారు. ప్రమాణం రోజున అందరికీ చేతిలో చిన్న జెండా ఇస్తారు కదా, ఆ ఫోటో ఇచ్చి బొమ్మ వేయమన్నారు. ఫోటోలో ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక అగరుబత్తి పట్టుకున్నట్టు పట్టుకున్నారు, ముఖంలో టెన్షన్. నేను ఆయనతో రెండు సిట్టింగులు అడిగాను. రెండోరోజు ఆయన వచ్చేసరికి ఆ జెండా చొక్కా జేబులో పెన్ను పక్కన ఉంది. ఎందుకండీ అంటే, "మనవరాలు విరిచేస్తుందని దాచాను" అన్నారు. అంతే, నాకు బొమ్మ దొరికింది. జేబులో రేనాల్డ్స్ పెన్ను, పక్కన రెండు అంగుళాల ఎర్ర చార తొంగిచూస్తూ. చేతులు ఒళ్ళో, బడి పంతులు చేతులు, చూపుడువేలి పక్కన పెన్ను కాయ. ఆ బొమ్మ చూసి కొడుకు, తన తండ్రి ఏ దేశం మనిషో ఎవరూ అడగక్కర్లేదు అన్నాడు.

మీరు వేయబోయే అబ్బాయి విషయంలో ఆ పెన్ను లాంటిదేదో వెతకండి. తాతగారు ఇచ్చిన చేతి గడియారం ఉందేమో అడగండి. యూనిఫాం మీద గడియారం పెట్టుకోవచ్చు, ఇబ్బంది లేదు. అది దొరికితే తాతగారికి ఇంకే జవాబూ అక్కర్లేదు.

ఇక తప్పుల గురించి, ఎందుకంటే యూనిఫాం బొమ్మలో తప్పు పోతే పరువు పోతుంది. నేను ఒకసారి ఒక కుర్రవాడు పంపిన సెల్ఫీ చూసి రిబ్బన్లన్నీ కుడి రొమ్ము మీద వేశాను. ఫోన్ అద్దంలా తిప్పేసిందని తట్టలేదు. అవి పెట్టుకునేది ఎడమ రొమ్ము మీద. బొమ్మ పోస్టులో వెళ్ళిపోయింది, తిరిగొచ్చింది, నెల రోజుల పని బూడిదపాలైంది. అప్పటినుంచి ఫోటో రాగానే చొక్కా బొత్తాలు చూస్తాను. మగవాళ్ళ చొక్కాకి బొత్తాలు వేసుకున్నవాడి కుడివైపు ఉంటాయి. అతని ఎడమవైపు ఉన్నట్టు కనిపిస్తే ఫోటో తిరగబడినట్టే. దీనికి విరుద్ధంగా ఇంకోటి ఉంది. పోరాట యూనిఫాంలో కుడి భుజం మీద జెండా బ్యాడ్జి తిరగేసినట్టు కనిపిస్తుంది, నక్షత్రాలు ముందు వైపుకి ఉంటాయి. అది తప్పు కాదు, సరిచేయకండి. సైనికుడు ముందుకి నడుస్తుంటే జెండా వెనక్కి ఎగురుతున్నట్టు అన్నమాట. ఓదార్పుగా చెప్తున్నాను, స్టూవర్ట్ ముఖం కూడా డాలర్ నోటు మీద తిరగబడే ఉంది. 1814లో బ్రిటిష్‌వాళ్ళు వైట్‌హౌస్ తగలబెట్టినప్పుడు కాపాడిన వాషింగ్టన్ బొమ్మ, లాన్స్‌డౌన్‌కి నకలు, అందులో పుస్తకం వీపు మీద "యునైటెడ్ స్టేట్స్" అని ఉండాల్సిన చోట "యునైటెడ్ సేట్స్" అని ఉంది. ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.

డాలస్ వాళ్ళు ఎంత చెప్పినా వినకుండా జెండా కావాల్సిందే అంటే? డబ్బులిచ్చేది వాళ్ళు కాబట్టి వేయండి, కానీ నీడలో వేయండి. ఎరుపుని అలిజరిన్‌లో (ముదురు ఎరుపు రంగు) బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) కలిపి చంపండి. తెల్ల చారని ముఖంలో అన్నిటికంటే వెలుగున్న చోటు కంటే ఒక మెట్టు కిందే ఆపండి. మొత్తం చూపించకండి, రెండు మూడు చారల అంచు చాలు. గోడకి పరిచినట్టు వేస్తే నీలం మూల చూసేవాళ్ళకి ఎడమవైపు పైన రావాలి, మర్చిపోకండి. త్రికోణంగా మడిచిన జెండా బాగుంటుందని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోకండి. అది సైనికుడు పోయాక ఇంటివాళ్ళకి ఇచ్చేది. బతికున్న పిల్లాడి పక్కన అది అపశకునం, అమెరికన్లు చూసినా ఉలిక్కిపడతారు.

వాళ్ళు మీకు పంపేది బహుశా ట్రైనింగ్‌లో తీసిన ఫోటో అయి ఉంటుంది, వెనక జెండా, ముఖం మీద ఫ్లాష్, నీడ లేదు. దాన్ని యూనిఫాం వివరాలకి మాత్రం వాడుకోండి. ముఖం కోసం విడిగా ఫోటోలు తెప్పించుకోండి. ఉదయం పూట కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపేసి, సెల్ఫీ కాకుండా ఎవరితోనైనా తీయించమనండి. చేతులవి నాలుగు ఫోటోలు, ఊరికే పెట్టుకున్నవి కాదు, బూట్లు పాలిష్ చేస్తున్నప్పుడో, లేసు కట్టుకుంటున్నప్పుడో. అవి వచ్చాక ఇక్కడ పెట్టండి, ఏది వేయాలో చూద్దాం.